పేరుకే డైరెక్టర్

మా చిన్నమ్మ కొడుకు వరంగల్‌లో ఒక మిర్చి వ్యాపార కంపెనీకి డైరెక్టర్. జీతం లేదు, వాటా లేదు, దోస్తు అడిగాడని సంతకం పెట్టాడు. కంపెనీ వరుసగా మూడేళ్లు వార్షిక లెక్కలు దాఖలు చేయలేదు. ఇంకేముంది, 2013 కంపెనీల చట్టం 164వ సెక్షన్ కింద డైరెక్టర్ పదవికి అయిదేళ్ల అనర్హత! మొన్న హన్మకొండలో ఒక సీఏ మావాడి డిన్ నంబరు (డైరెక్టర్ గుర్తింపు సంఖ్య) కొట్టి చూపిస్తే, "నాకేం ఎరుక లేదన్నా" అంటూ తల పట్టుకున్నాడు. చాలా బాధేసింది.

అసలు టెన్షన్ పన్ను బాకీది. ప్రైవేటు కంపెనీ నుంచి ఆదాయపు పన్ను వసూలు కాకపోతే అప్పటి డైరెక్టర్లను అడుగుతారు. తన నిర్లక్ష్యం వల్ల కాదని నిరూపించుకోవాల్సింది డైరెక్టరే. రాజీనామా చేసినా, పదవిలో ఉన్నప్పటి తప్పులకు బాధ్యత పోదు. ముందు ఆ మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పిస్తున్నాం.