గ్రౌండ్‌హాగ్ కరిచాక: రేబిస్ టీకాల కోర్సు ఎలా నడిచిందంటే

గ్రౌండ్‌హాగ్ అనే బొరియ జంతువుకి మనిషి పొడ గిట్టదు. తలుపు చప్పుడైతే చాలు, బొరియలో దూరిపోతుంది. దారి లేకుండా మూలకి నెడితే మాత్రం పళ్లు టకటకలాడించి తిరగబడుతుంది. అది ప్రాణభయం, రోగం కాదు. పట్టపగలు తిరగడమూ రోగం కాదు, అది పగటి జంతువే. న్యూజెర్సీలో మా పెరట్లో గోంగూర మళ్లకి నీళ్లు పెడుతుంటే నా మీదికి వచ్చినది ఈ లెక్కల్లో దేనికీ అందలేదు. వెనక కాళ్లు ఈడుస్తోంది, తల ఒక పక్కకి వాలిపోయి ఉంది, పైపు నీళ్లు మొహాన కొట్టినా ఆగలేదు. వచ్చి పిక్క పట్టుకుంది.

ఇక్కడి సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. గ్రౌండ్‌హాగ్ ఉడత కుటుంబంలోదే, కానీ చూడ్డానికి బలిసిన పందికొక్కులా ఉంటుంది. బీన్స్, బచ్చలి, ఆనప తీగలు, ఏది నాటినా రాత్రికి కాదు, పగలే మేసిపోతుంది. ఎలుక, ఉడత, చిప్‌మంక్, కుందేలు కరిస్తే రేబిస్ భయం దాదాపు లేదని డాక్టర్లు చెప్పే మాట నిజం. అమెరికాలో వాటివల్ల మనిషికి రేబిస్ వచ్చిన దాఖలా లేదు. గ్రౌండ్‌హాగ్ ఆ వరసలోకి రాదు. 1985 నుంచి 1994 వరకు ఎలుక, ఉడత జాతుల్లో రేబిస్ అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీకి చేరిన 371 కేసుల్లో 93 శాతం గ్రౌండ్‌హాగ్‌లవే. కారణం దాని పెద్ద ఒళ్లే. రకూన్ అంటే కళ్ల చుట్టూ నల్ల పట్టీ ఉండే ఇక్కడి అడవి జంతువు. పిచ్చెక్కిన రకూన్ ఉడతని పట్టుకుంటే ఉడత అక్కడే చస్తుంది, రోగం దానితోనే పోతుంది. గ్రౌండ్‌హాగ్ నాలుగు గాట్లతో తప్పించుకుని బతుకుతుంది, కొన్ని వారాలకి వైరస్ మెదడుకి చేరుతుంది. తూర్పు తీరంలో రకూన్ రేబిస్ 1977లో వెస్ట్ వర్జీనియాలో కనిపించి, 1989కి న్యూజెర్సీకి చేరింది. అప్పటినుంచి ఇక్కడి గ్రౌండ్‌హాగ్ కాటుని తేలిగ్గా తీసుకునే వీల్లేదు.

నడక తూలడం, తల వాలడం చూసి రేబిస్ అని తేల్చెయ్యనూ కూడదు. రకూన్ పేగుల్లో ఉండే ఒక నులిపురుగు గుడ్లు తింటే, దాని పిల్ల పురుగులు గ్రౌండ్‌హాగ్ మెదడుకెక్కి అచ్చం ఇలాగే తూలిస్తాయి. కంటితో చూసి ఆ రెండింటినీ విడదీయడం పశువైద్యుడి వల్ల కూడా కాదు. అందుకే ప్రవర్తన చూసి అనుమానించాలి, ప్రయోగశాల పరీక్షతో తేల్చుకోవాలి.

ముందు గాయం సంగతి. పై పళ్లు రెండు, కింద పళ్లు రెండు, ఉలి మొనల్లా ఉంటాయి కాబట్టి గాటు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ప్యాంటు చిరగకపోయినా లోపల చర్మం తెగితే అది కాటే. గుడ్డ అడ్డం ఉందిగా అనుకోకూడదు. సబ్బు, ధారగా పడే నీళ్లు, గడియారం చూసుకుని 15 నిమిషాలు. రేబిస్ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. మొత్తం చికిత్సలో పైసా ఖర్చు లేని భాగం ఇదే, జనం రెండు నిమిషాల్లో ముగించేసేదీ ఇదే. గాటు అంచులు కాస్త విడదీసి లోపలికి నీళ్లు పోనివ్వాలి. మండుతుంది, రక్తం మళ్లీ కారుతుంది, కారనివ్వండి. తర్వాత బెటాడిన్. ఫోనులో అమ్మ "కాస్త పసుపు అద్దరా, లేకపోతే కారమైనా పెట్టు" అంది. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు, ఇవేవీ వద్దు. గాటు లోపల కండని మండించి, వైరస్ నరాల్లోకి ఎక్కడానికి ఇంకా దారి చేస్తాయి.

నేను కడుక్కుంటున్నప్పుడే పక్కింటాయన దాని మీద రీసైక్లింగ్ డబ్బా బోర్లించి పైన రాయి పెట్టాడు. చేత్తో పట్టుకోకుండా మూయగలిగితే మూయడం మేలు, లేకపోతే ఎటు వెళ్లిందో చూసి టౌన్‌షిప్ యానిమల్ కంట్రోల్‌కి చెప్పాలి. దుడ్డుకర్రతో తల మీద కొట్టడం, తుపాకీతో తలకి కాల్చడం చేయకూడదు. పరీక్షకి కావలసింది మెదడే: మెదడు కాండం, చిన్న మెదడు రెండూ చెదరకుండా ఉండాలి. చచ్చిన జంతువుని ఐసు మీద చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. గడ్డకట్టి కరిగితే కణజాలం పాడై పరీక్ష ఆలస్యమవుతుంది. ప్రయోగశాలలో ఆ ముక్కలకి వెలుగులీనే రంగు అంటించిన యాంటీబాడీలు (వైరస్‌ని పట్టుకునే ప్రొటీన్లు) పట్టించి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆపిల్ పచ్చగా మెరిస్తే పాజిటివ్. ఈ జంతువుది మెరిసింది.

కుక్క, పిల్లి, ఫెర్రెట్ కరిస్తే పది రోజులు కట్టేసి చూసే పద్ధతి ఉంది. అడవి జంతువుకి ఆ పద్ధతి లేదు, లాలాజలంలో వైరస్ ఎన్ని రోజుల ముందునుంచి వస్తుందో వాటి విషయంలో లెక్క తేలలేదు. చంపి పరీక్షించడమొక్కటే మార్గం. జంతువు దొరక్కపోతే, అది ఏదో, ఎలా కరిచిందో ఆరోగ్య శాఖవాళ్లతో మాట్లాడి టీకా విషయం తేల్చుకోవాలి. నా విషయంలో లక్షణాలు అంత స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ఫలితం కోసం ఆగకుండా ఆ రోజే మొదలుపెట్టారు. నెగెటివ్ వస్తే మధ్యలో ఆపేయొచ్చు.

అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్‌కి వెళితే అక్కడ ఇమ్యునోగ్లోబులిన్ (టీకాతోపాటు వేసే రెండో మందు) ఉండకపోవచ్చు. నేను వెళ్లిన చోట లేదు. పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి ముందు ఫోను చేసి "రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ స్టాకుందా" అని అడిగి వెళ్లడం నయం.

అసలు చికిత్సలో రెండు వేర్వేరు మందులున్నాయి, వాటిని కలగలిపి ఆలోచిస్తే తప్పు జరుగుతుంది. టీకా మన ఒంటితో యాంటీబాడీలు తయారుచేయిస్తుంది. దానికి వారం పది రోజులు పడుతుంది. ఆ లోపు గాటు దగ్గరే వైరస్‌ని అడ్డుకోవడానికి ఎవరి రక్తంలోంచో తీసిన యాంటీబాడీలు నేరుగా ఎక్కిస్తారు, అదే ఇమ్యునోగ్లోబులిన్. మోతాదు కిలోకి 20 యూనిట్లు. నా బరువు 66 కిలోలు, అంటే 1320 యూనిట్లు. మిల్లీలీటరుకి 300 యూనిట్లున్న సీసా అయితే 4.4 మి.లీ., 150 యూనిట్లదైతే 8.8 మి.లీ. ఏ సీసా అని అడగడంలో తప్పు లేదు. పిక్క కండ పెద్దది కాబట్టి నాకు చిక్కగా ఉన్నదాన్ని దాదాపు అంతా గాటు చుట్టూ, గాటు లోపలికీ వేయగలిగారు. సూది దిగుతుంటే నొప్పి కన్నా బిగుతు ఎక్కువ, పిక్క రాయిలా అవుతుంది. వేలి మీద కాటైతే ఇంత పట్టదు, బలవంతాన నింపితే వేలికి రక్తం ఆగిపోతుంది. పట్టినంత అక్కడ వేసి, మిగిలింది టీకా వేసిన చోటుకి దూరంగా కండలోకి వేస్తారు. గాటుని వదిలేసి మందంతా పిరుదులో వేసి పంపితే డాక్టరుని ప్రశ్నించాల్సిందే. టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఒకే సిరంజిలో కలపకూడదు, ఒకే చోట వేయకూడదు. ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకోవడమూ పొరపాటే, మోతాదు మించితే టీకాకి మన ఒళ్లు స్పందించడం తగ్గుతుంది. మొదటి రోజు దొరక్కపోతే మొదటి టీకా నుంచి ఏడో రోజు వరకూ వేయొచ్చు, ఆ తర్వాత వద్దు.

టీకా ఒక మి.లీ., భుజం కండలో, 0, 3, 7, 14 రోజుల్లో. మొదటి డోసు వేసిన రోజే సున్నా. పిరుదులో వేస్తే కొవ్వులో చిక్కుకుని సరిగా పనిచేయదు. ఒక డోసు రోజు దాటిందంటే మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, మిగతావి అదే ఎడంతో జరిపి వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మనవాళ్లు భయపడేది గొర్రె మెదడుతో చేసిన పాత టీకా గురించి. ఇండియాలో దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి 0.1 మి.లీ. చొప్పున రెండు చోట్ల, 0, 3, 7, 28 రోజుల్లో వేసే పద్ధతి నడుస్తోంది.

రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకి, స్టెరాయిడ్లు, కీమో, అవయవ మార్పిడి మందుల మీదున్నవాళ్లకి 28వ రోజు అయిదో డోసు ఉంటుంది, ఆ తర్వాత రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. ఇది లాంఛనం కాదు. 2021లో మినెసోటాలో 84 ఏళ్ల వ్యక్తి గబ్బిలం కరిచాక చికిత్స సరిగా, సమయానికి తీసుకుని కూడా చనిపోయారు. తర్వాత చూస్తే ఆయనకి బయటపడని రోగనిరోధక లోపం ఉంది. మీరు వాడే మందులన్నీ మొదటి రోజే చెప్పండి.

ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా అదే రోజు. గాటుకి కుట్లు వేయలేదు. లోతైన గాటుని మూసేస్తే క్రిములు లోపలే ఉండిపోతాయి, వైరస్సూ నరాలకి దగ్గరవుతుంది. అయినా పిక్క ఎర్రబడి వేడెక్కడంతో ఆగ్మెంటిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. తొలి వారంలో నన్ను నిజంగా మంచాన పడేసింది ఈ పుండే, రేబిస్ మందులు కాదు. టీకాల వల్ల భుజం నొప్పి, సన్నగా జ్వరం, ఒళ్లు నొప్పులు, టైలినాల్‌తో (పారాసిటమాల్) తగ్గాయి.

పుండు మానేటప్పుడు దురద మొదలైంది. రేబిస్ తొలి లక్షణాల్లో కాటు చోట జివ్వుమనడం, దురద ఉంటాయని చదివినవాళ్లకి ఆ రాత్రులు కష్టమే. తేడా ఇది: మానే దురద పక్కు అంచుల దగ్గర ఉంటుంది, రోజురోజుకీ తగ్గుతుంది. రేబిస్ దురద మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలకి, గాయం మానిపోయాక మొదలై, జ్వరంతో పెరుగుతుంది. టీకా సమయానికి పడితే ఆ దశ దాదాపు రాదు. లక్షణాలు వచ్చాక మాత్రం మందు లేనట్టే, అందుకే ఇన్ని సూదులు.

గ్రౌండ్‌హాగ్ సంగతి పక్కన పెడితే, అమెరికాలో మనుషుల్ని ఎక్కువగా చంపేది గబ్బిలం రేబిస్. దాని పళ్లు సూది మొనంత, గాటు కంటికి ఆనదు. పసిపిల్లలు, నిద్రలో ఉన్నవాళ్లున్న గదిలో గబ్బిలం కనిపిస్తే కిటికీ తీసి వదిలేయకుండా డబ్బాలో మూసి పరీక్షకి పంపాలి. రకూన్, స్కంక్, నక్క కరిస్తే ఆలోచించేదేమీ లేదు, వెంటనే వెళ్లాలి. రక్తం, మలమూత్రాలు తగిలితే రేబిస్ రాదు. తెగిన చర్మానికీ, కంటికీ, నోటికీ లాలాజలం తగిలితేనే భయం.

ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది, అందులో పెద్ద వాటా ఇమ్యునోగ్లోబులిన్‌ది. 3, 7, 14 రోజుల టీకాలకి కూడా ఎమర్జెన్సీకే వెళితే ప్రతిసారీ గది ఛార్జీ పడుతుంది. కౌంటీ ఆరోగ్య విభాగాన్ని, ఇన్సూరెన్సు వాళ్లని ముందే అడిగితే వేరే చోటు చూపిస్తారు.

ఇంట్లో పిల్లలకి ఇలా ఇమ్యునోగ్లోబులిన్ పడితే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ టీకాలు నాలుగు నెలలు ఆపాలి. అరువు యాంటీబాడీలు ఆ టీకాలని పనిచేయనివ్వవు. ఏ కంపెనీ టీకా, ఏ తేదీల్లో, ఎన్ని యూనిట్లు వేశారో రాసిన కాగితం ఫొటో తీసి ఫోనులో దాచుకోవాలి. రేపు ఊరెళ్లినప్పుడు వీధికుక్క కరిస్తే డాక్టరుకి మొదట చూపాల్సింది అదే. పూర్తి కోర్సు అయినవాళ్లకి 0, 3 రోజుల్లో రెండు డోసులే వేస్తారు, ఇమ్యునోగ్లోబులిన్ వేయరు. చర్మంలోకి వేసే ఆసుపత్రైతే ఆ రెండు రోజులూ ఒక్కో చోట 0.1 మి.లీ. చాలు.