నాన్న షెడ్డుకి గాలి వచ్చింది

నవంబరు 9

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఏలూరులో ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించుకుని, అందులో పాత మారుతి 800ని పెట్టుకుని రెండేళ్లుగా దాని పనే చూస్తున్నారు. దీపావళికి వెళ్లినప్పుడు ముందు చక్రం యాక్సిల్ నట్ దగ్గర ఆగిపోయి ఉన్నారు. స్ప్లిట్ పిన్ తీశారు, తుప్పు వదిలే ఆయిలు రెండు పూటలు పోశారు, ఎల్ రాడ్‌కి మూడడుగుల ఇనప గొట్టం తొడిగి ఒళ్లంతా వంచి లాగారు. నట్ ఇసుమంత కూడా కదల్లేదు. గొట్టం వదిలేసి, కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు.

"డిపోలో అయితే గన్ పెడితే రెండు సెకన్ల పనమ్మా" అన్నారు. గన్ అంటే ఇంపాక్ట్ రెంచి, వరస దెబ్బలతో నట్లు తిప్పే పనిముట్టు. డిపోలోది గాలితో నడిచేది.

సంక్రాంతికి నాన్నకి ఎయిర్ టూల్స్, అంటే గాలితో నడిచే పనిముట్లు కొనాలని తమ్ముడూ నేనూ ఆ రాత్రే అనుకున్నాం. ఇద్దరం కలిపి నలభై వేలు. బ్యాటరీ గన్ కొంటే సరిపోతుంది కదా అన్నాడు తమ్ముడు. ఆ మాటలో న్యాయం ఉంది, ఇప్పుడు బ్యాటరీ గన్లు బాగా వస్తున్నాయి. రోడ్డు మీద పని చేసేవాళ్లకి నేనూ అదే చెబుతాను. కానీ నాన్న పని షెడ్డు దాటదు. గాలి ఉంటే గన్ ఒక్కటే కాదు, టైర్లకి గాలి పెట్టుకోవచ్చు, కార్బురేటర్ జెట్లు ఊదుకోవచ్చు, రేపు పెయింటూ కొట్టుకోవచ్చు. బ్యాటరీకి నాలుగైదేళ్లలో వయసైపోతుంది. గాలి గన్‌కి రోజూ నాలుగు చుక్కల నూనె వేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పైగా ముప్పై ఏళ్లు ఆయన చేతికి అలవాటైన పనిముట్టు అది.

నవంబరు 16

సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. పనిముట్లు కొనాలంటే అక్కడ ఒక పూట తిరగాల్సిందే. మొదటి దుకాణంలోనే ఒక గన్ చేతిలో పెట్టారు. డబ్బా మీద 1200 అని పెద్ద అంకె, ధర మూడు వేల లోపు. "మంచిగనే ఉంటది అక్కా, లారీ నట్లు గూడ ఇప్పుతది" అన్నాడు కుర్రాడు. ఆ 1200 టార్క్ (తిప్పే బలం) న్యూటన్ మీటర్లలోనా, ఫుట్ పౌండ్లలోనా అని అడిగితే డబ్బా తిప్పి చూశాడు. ఎక్కడా రాసి లేదు. ఒక ఫుట్ పౌండ్ అంటే సుమారు 1.36 న్యూటన్ మీటర్లు, కాబట్టి యూనిట్ లేని అంకెతో ఏ రెండు గన్లనీ పోల్చలేం. ఇంకో సంగతి కూడా ఉంది. పెద్ద అక్షరాలతో వేసేది ఎక్కువగా నట్ విప్పేటప్పుడు రివర్సులో వచ్చే గరిష్ఠ టార్క్. బిగించేటప్పుడు పనికొచ్చే రేంజి వేరుగా, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది కూడా ఉన్న డబ్బానే నేను నమ్ముతాను.

సాయంత్రం దాకా తిరిగాక గన్ చూసే పద్ధతి ఒకటి కుదిరింది. ముందు సాకెట్ తగిలించే చతురస్రపు మొనని వేళ్లతో పట్టుకుని ఊపి చూడాలి, పక్కలకి కదులుతుంటే పక్కన పెట్టేయాలి. తర్వాత ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలితోనే ఫార్వర్డ్, రివర్స్ మార్చి చూడాలి. నాన్న రెండో చెయ్యి జాకీ మీదో హబ్ మీదో ఉంటుంది కాబట్టి నాకిది ముఖ్యం. బరువు రెండున్నర కిలోలు దాటకూడదు. అన్నిటికంటే పెద్ద ప్రశ్న, లోపలి వేన్లు (గాలికి తిరిగే పలకలు), హ్యామర్ (దెబ్బ వేసే భాగం) అరిగితే విడిగా దొరుకుతాయా అని. దొరకవంటే అది ఒకసారి వాడి పారేసే సరుకే.

చికాగో న్యూమాటిక్, ఇంగర్‌సాల్ రాండ్ కంపెనీల గన్లు రెండూ పట్టుకుని చూశాను. చికాగో వాళ్ల సీపీ 734 హెచ్ అర అంగుళం గన్ (సాకెట్ తగిలించే మొన కొలత అది) దగ్గర ఆగాను. గ్యారేజీల్లో ఏళ్ల తరబడి నలిగిన మోడల్. పట్టుకోగానే బరువు అరచేతిలో సమంగా కూర్చుంది.

నవంబరు 23

గన్ కంటే ముందు గాలి లెక్క తేల్చాలని ఈ వారం అర్థమైంది. ఎయిర్ టూల్స్ దాదాపు అన్నీ 90 పీఎస్ఐ దగ్గర, అంటే 6.2 బార్ దగ్గర (రెండూ గాలి ప్రెషర్ కొలతలే) పనిచేసేలా తయారవుతాయి. ఎంత ప్రెషర్ అన్నది తేలిక ప్రశ్న. ఆ ప్రెషర్ దగ్గర నిమిషానికి ఎంత గాలి అన్నదే అసలు ప్రశ్న.

కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. 50 లీటర్ల ట్యాంకు, 8 బార్ దగ్గర ఆగి 6 బార్ దగ్గర మళ్లీ మొదలయ్యే కంప్రెసర్, అంటే గాలిని నొక్కి ట్యాంకులో నింపే యంత్రం. ఆ రెండు బార్ల తేడాలో మనకి దక్కేది దాదాపు 100 లీటర్ల మామూలు గాలి. అర అంగుళం గన్ కేటలాగులో 4, 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి) అని రాస్తారు. అది ఆగి ఆగి వాడితే వచ్చే సగటు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే 20 సీఎఫ్ఎం పైన తాగుతుంది, అంటే నిమిషానికి 570 లీటర్లు. ట్యాంకులో ఉన్నది పది, పన్నెండు సెకన్లకి సరి. చక్రానికి నాలుగు నట్లు, ఒక్కోదానికి రెండు సెకన్లు అనుకుంటే ఒక చక్రం హాయిగా ఊడుతుంది, ట్యాంకు నిండేలోపు రెండో దాని దగ్గరికి నడవచ్చు. లోహాన్ని అరగదీసే డై గ్రైండర్‌కి మాత్రం ఇది చాలదు. అది ఆగకుండా గాలి తాగుతూనే ఉంటుంది. కొనాలనుకున్న గ్రైండర్‌ని ఈ లెక్క చూశాకే లిస్టులోంచి కొట్టేశాను.

కంప్రెసర్ మీద రాసే సీఎఫ్ఎం రెండు రకాలు. డిస్‌ప్లేస్‌మెంట్ అంటే పిస్టన్ లోపలికి లాగేది. ఎఫ్ఏడీ అంటే నిజంగా బయటికి వచ్చేది, ఇది ఎప్పుడూ తక్కువే. ఎఫ్ఏడీ ఎంత అని అడిగితే చెప్పగలిగిన దుకాణంలోనే కొనాలనుకున్నాను.

డిసెంబరు 14

కొన్నాను. కంప్రెసర్ 2 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, 50 లీటర్లు, బెల్టుతో తిరిగేది, ఆయిల్ పోసేది. నేరుగా మోటారుకి బిగించిన ఆయిల్ ఫ్రీ రకం చవక, తేలిక. కానీ దాని మోత చెవులు పగిలేలా ఉంటుంది, షెడ్డు గోడకి అవతలే పక్కింటి వాళ్ల పడగ్గది. గన్ అనుకున్నదే, జీఎస్టీ బిల్లుతో. బిల్లు లేకుండా పదిహేను వందలు తగ్గిస్తామన్నారు, వద్దన్నాను. గన్ చెడితే కంపెనీ సర్వీసుకి తీసుకెళ్లాలంటే ఆ కాగితమే ఆధారం.

నల్లటి ఇంపాక్ట్ సాకెట్ల సెట్టు, యాక్సిల్ నట్ సైజుది విడిగా ఒకటి. సైజు నాన్నని ఫోన్లో మాటల్లో పెట్టి అడిగాను. నాన్న దగ్గరున్న మెరిసే క్రోమ్ గోటీలు (సాకెట్లు) చేత్తో తిప్పడానికే. గన్ దెబ్బలకి అవి పగిలి ముక్కలు ఎగురుతాయి. అందుకే గన్ కొని సాకెట్లు వదిలేస్తే కానుక సగమే ఇచ్చినట్టు. ఇంకా నీళ్లు పట్టే ఫిల్టరుతో ప్రెషర్ సరిచేసే రెగ్యులేటర్, ఎయిర్ టూల్ ఆయిల్ సీసా, మీటరున్న టైర్ ఇన్‌ఫ్లేటర్, బ్లో గన్, కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు, అనుకున్నంత బిగువు రాగానే క్లిక్‌మనే టార్క్ రెంచి.

హోస్ పైపు, దాన్ని టక్కున తగిలించే క్విక్ కప్లర్లు మాత్రం ఇంటి దగ్గర హార్డ్‌వేర్ షాపులో తొందరలో తీసుకున్నాను. పది మీటర్లు, నీలం రంగు, చుట్టలు చుట్టుకునే రకం.

జనవరి 15

ముందే ఎలక్ట్రీషియన్‌ని పంపి షెడ్డులో విడిగా లైను లాగించి 16 ఆంప్స్ పవర్ ప్లగ్ పెట్టించాం. అమ్మ చూసుకుంది. 2 హెచ్‌పీ అంటే దాదాపు 1500 వాట్లు, స్టార్టయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడితే మోటారు మూలుగుతుంది, వైరు వేడెక్కుతుంది. దూరం కావాలంటే గాలి పైపుని పొడిగించాలి, కరెంటు వైరుని కాదు.

పొద్దున్న పూజయ్యాక నాన్నని షెడ్డులోకి తీసుకెళ్లాం. "ఎందుకమ్మా ఇంత ఖర్చు" అంటూనే గన్ తీసుకుని, ఎవరూ చెప్పకుండానే సీసా మూత విప్పి గాలి వెళ్లే రంధ్రంలో నాలుగు చుక్కలు వేశారు.

యాక్సిల్ నట్ మీద పెట్టి నొక్కారు. గన్ మోగింది, నట్ కదల్లేదు. పది సెకన్లు. మళ్లీ పది సెకన్లు. నాకు గొంతు పట్టేసింది. తప్పు గన్ కొన్నానేమో, ఇంత డబ్బు పోసి ఆయన్ని మళ్లీ అదే నట్ ముందు నిలబెట్టానేమో అనిపించింది.

నాన్న గన్ నా చేతికిచ్చి, "నువ్వు నొక్కు" అని రెగ్యులేటర్ మీటరు దగ్గరికి వెళ్లారు. నొక్కాను. ముల్లు 90 దగ్గరే ఉంది. "ఇక్కడ బాగానే ఉంది. మరి అక్కడికి రావట్లేదు" అని పైపు కొన విప్పి లోపలికి చూశారు. చిటికెన వేలి గోరు కూడా దూరని రంధ్రం. ఆ ఇన్‌ఫ్లేటర్ మీటరునే టీ జాయింటుతో గన్ ముందు తగిలించి మళ్లీ నొక్కమన్నారు. ముల్లు 90 నుంచి 55కి పడిపోయింది.

"గన్‌కి ఆకలేస్తోందమ్మా. గొంతు సన్నగా ఉంది" అన్నారు.

నేను కొన్న పైపు లోపలి వ్యాసం 6.5 మిల్లీమీటర్లు. టైర్లకి గాలి పెట్టుకోవడానికి చాలు, గన్‌కి చాలదు. దానికి కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి, కప్లర్ల లోపలి దారి కూడా అంతే వెడల్పుగా ఉండాలి. ప్రెషర్ ఎప్పుడూ ట్రిగ్గర్ నొక్కి ఉంచి, గన్ దగ్గర చూసుకోవాలి. గాలి కదలనప్పుడు మీటరు చూపేది గన్‌కి అందేది కాదు.

జనవరి 17

కనుమ వెళ్లాక దుకాణాలు తెరిచారు. 10 మిల్లీమీటర్ల రబ్బరు హోస్, వెడల్పు కప్లర్లు. గన్ వైపు కొనకి కప్లర్ నేరుగా పెట్టకుండా అరమీటరు మెత్తటి పైపు ముక్క వేశారు నాన్న. కప్లర్ బరువు గన్ మీద పడదు, దెబ్బల అదురుకి అది త్వరగా పాడవదు. డిపోలో నేర్చుకున్నదట.

ఈసారి నొక్కి ఉంచినా మీటరు 85 దగ్గర నిలబడింది. యాక్సిల్ నట్ నాలుగో సెకనులో గట్టిగా ఒక్కసారి కిర్రుమని, తర్వాత గింగిరాలు తిరుగుతూ సాకెట్‌లోకి వచ్చేసింది. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని మరల్లో పేరుకున్న ఎర్రటి పొడిని గోటితో గీకి చూశారు. ఆయన మణికట్టుకి పట్టీ లేదు, నొప్పి ఊసు లేదు.

ఫిబ్రవరి 8

రెండు ముందు హబ్బులూ ఊడాయి, బేరింగులు తీసేశారు. వచ్చే నెల కొత్తవి.

ట్యాంకు కింది డ్రెయిన్ తిప్పితే పాలు కలిపినట్టు తెల్లటి నీళ్లు అరగ్లాసు వచ్చాయి. గోదావరి, కృష్ణల మధ్య గాలిలో తేమ ఎక్కువ, పని ముగించిన ప్రతి సాయంత్రం ఇది తిప్పాల్సిందే. లేకపోతే ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, ఆ నీళ్లే గన్‌లోకీ వెళతాయి.

నాన్నతో ఒక్క విషయంలో పట్టుపట్టాను. బ్రేక్ డ్రమ్ముల్లో దుమ్ముని బ్లో గన్‌తో ఊదడం డిపో అలవాటు. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడవమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వెళ్లి బకెట్టులో నీళ్లు తెచ్చుకున్నారు.

చక్రాల నట్లు బిగించేటప్పుడు మాత్రం నేను చెప్పకముందే గన్ పక్కన పెట్టేశారు. చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివర్లో టార్క్ రెంచి. క్లిక్‌మన్నాక మళ్లీ లాగలేదు. స్పార్క్ ప్లగ్గుల దగ్గరికి, ఇంజన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు దగ్గరికి గన్ అసలు పోనివ్వరు, మరలు ఒక్క దెబ్బకి పోతాయంటారు.

తర్వాత కొనాల్సింది మూడు బై ఎనిమిది అంగుళం ఎయిర్ రాచెట్, గాలితో తిరిగే రెంచి. ఇరుకు చోట్ల చెయ్యి పట్టే సన్నటి మెడ ఉన్నది కావాలని, కాగితం మీద కొలతలు వేసి ఇచ్చారు.