ఎర్ర డీజిల్, పసుపు డబ్బా

టెక్సస్‌లో నేను పనిచేసే బంకు స్టోర్ వెనక, ఐస్ పెట్టెలు దాటాక, ఒక పంపు ఒంటరిగా ఉంటుంది. ముందున్న పంపులకి లైట్లు, కార్డు మిషన్లు, సిగరెట్ల ప్రకటనలు. దీనికి ఉన్నదల్లా ఒక బోర్డు. రంగు కలిపిన డీజిల్, పన్ను లేని వాడకానికి మాత్రమే, పన్ను పడే వాడకానికి వాడితే జరిమానా అని దాని మీద ఉంటుంది. 2018లో పనిలో చేరిన రెండో రోజు చెత్త పారేయడానికి వెళ్ళి ఆ బోర్డు చూశాను. నాకున్న ఇంగ్లీషుతో రెండుసార్లు చదువుకున్నాను. ధర చూస్తే ముందు పంపు కంటే గాలన్‌కి, అంటే నాలుగు లీటర్లకి కాస్త తక్కువకి, ముప్పై ఐదు సెంట్లు తక్కువ.

లోపలికొచ్చి ఓనర్‌ని అడిగాను. "అది రైతులకి బాబాయ్, ట్రాక్టర్లలో పోసుకుంటారు" అన్నాడు, లాటరీ టిక్కెట్లు సర్దుకుంటూ.

రైతుకి తక్కువ ధరకి డీజిల్! ముప్పై ఏళ్ళు సేద్యం చేశాను. సత్తెనపల్లిలో బంకుకి వెళ్తే కారులో వచ్చిన డాక్టరుగారు లీటరుకి ఎంత ఇచ్చారో, డబ్బా పట్టుకెళ్ళిన నేనూ అంతే ఇచ్చాను. ఆ రోజు షిఫ్ట్ అయ్యాక కూడా ఆ పంపు దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. మా ఆవిడతో చెప్తే, "అమెరికా వచ్చి డీజిల్ పంపు చూసి మురిసిపోయేవాణ్ణి నిన్నే చూశాను" అంది.

నేను ఇక్కడికి వచ్చిన దారి సాఫ్ట్‌వేర్ దారి కాదు. తమ్ముడు చదువుకని వచ్చి, ఇక్కడి పౌరుడయ్యి, 2004 జనవరిలో నా పేరు మీద దరఖాస్తు పెట్టాడు. నా వంతు వచ్చేసరికి పద్నాలుగేళ్ళు పట్టింది. అప్పటికి మా పెద్దబ్బాయికి ఇరవై ఒకటి ఎప్పుడో దాటిపోయింది, అందుకని వాడికి మాతో పాటు వీసా రాలేదు. వాడు ఊళ్ళో మిరప, పత్తి చూసుకుంటున్నాడు. మేమిద్దరం, చిన్నదీ వచ్చాం. యాభై రెండేళ్ళ వయసులో నాకు దొరికిన పని కౌంటర్ దగ్గర నిలబడటం.

రంగు కలిపిన ఇంధనం నాకు కొత్తేమీ కాదు. రేషన్ షాపులో ఇచ్చే నీలం కిరోసిన్‌తోనే పెరిగాం. సబ్సిడీ సరుకు పక్కదారి పట్టకుండా దానికి నీలం రంగు కలిపేవాళ్ళు. కలిపినా ఆగిందా? లారీలు, ఆటోలు, ఆయిల్ ఇంజన్లు అన్నీ దాన్ని రుచి చూసినవే. నేనూ ఒకసారి మా మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్‌లో సగానికి సగం పోశాను. పొగ తెల్లగా వచ్చింది, నాలుగు ఎకరాలు దున్నింది, నేను గెలిచాననుకున్నాను. నెల తిరక్కుండా ఇంజెక్షన్ పంపు పట్టేసింది. డీజిల్‌లో ఉండే జిడ్డుతోనే ఆ పంపు లోపలి భాగాలు అరక్కుండా ఉంటాయని, కిరోసిన్‌లో ఆ జిడ్డు లేదని నరసరావుపేట మెకానిక్ చెప్పేదాకా నాకు తెలియదు. మిగిల్చింది వందల్లో, వదిలింది వేలల్లో. మా నాన్న నాతో వారం రోజులు మాట్లాడలేదు.

అందుకే ఈ ఎర్ర డీజిల్‌ని కూడా మొదట అనుమానంగానే చూశాను. రంగు ఉంటే లోపల ఏదో తక్కువ ఉంటుందని మన లెక్క. ఇక్కడ అలా కాదు. ముందు పంపులో వచ్చేదీ వెనక పంపులో వచ్చేదీ ఒకటే సరుకు, ఎర్రరంగు ఒక్కటే తేడా. ఒకప్పుడు నిజంగానే తేడా ఉండేది. రోడ్డు డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకి పదిహేను పాళ్ళు దాటకూడదన్న నియమం 2006లో వచ్చింది. పొలం డీజిల్‌కి అప్పట్లో వేలల్లో ఉన్నా అడిగేవాడు లేడు. 2007లో దాన్ని ఐదు వందలకి, 2010లో పదిహేనుకి దించారు. అయినా మా స్టోర్‌కి వచ్చే ముసలి రైతులు కొందరు "ఎర్రది మురికిది, కొత్త ఇంజన్లకి పడదు" అని ఇప్పటికీ అంటారు. వాళ్ళది మతిమరుపు కాదు, పాత జ్ఞాపకం.

మరి చవక ఎక్కడ నుంచి? పన్ను నుంచి. రోడ్డు డీజిల్ మీద గాలన్‌కి కేంద్రం 24.4 సెంట్లు, టెక్సస్ రాష్ట్రం 20 సెంట్లు తీసుకుంటాయి. రోడ్లు వేసేది ఆ డబ్బుతో. పొలంలో తిరిగే ట్రాక్టరు రోడ్డుని అరగదీయదు కాబట్టి ఆ 44.4 సెంట్లూ కట్టక్కర్లేదు. ఎంత ముచ్చటైన తర్కం! మన దగ్గర ట్రాక్టరు పొద్దున దమ్ము చేసి, మధ్యాహ్నం ఇసుక తోలి, సాయంత్రం పెళ్ళివాళ్ళని ట్రక్కులో దింపి వస్తుంది. ఆ ట్రాక్టరుకి ఎన్ని లీటర్లు పొలానివి, ఎన్ని రోడ్డువి అని ఏ బ్రహ్మదేవుడు లెక్క తేల్చగలడు?

పన్ను 44 సెంట్లు అయితే పంపు దగ్గర తేడా ముప్పై ఐదే ఎందుకుందో తర్వాత అర్థమైంది. వెనక పంపుకి గిరాకీ తక్కువ. ట్యాంకు ఖాళీ కావడానికి వారాలు పడుతుంది, ఓనరు తన ఖర్చు అందులో వేసుకుంటాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనా బతకాలి. రైతు రాయితీలో కొంత బంకు దగ్గరే ఆగిపోతుందన్నది మాత్రం నిజం.

2019లో తమ్ముడు డాలస్‌కి ఈశాన్యాన, ఫానిన్ కౌంటీలో పన్నెండు ఎకరాలు కొన్నాడు. మొదటిసారి నన్ను తీసుకెళ్ళినప్పుడు కారు దిగి మట్టి చేతిలోకి తీసుకున్నాను. నల్లరేగడి! ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వాన పడితే చెప్పుకి రెండు కిలోలు అంటుకునే మట్టి. పల్నాడుని ఎవరో మడిచి ఇక్కడ పరిచినట్టుంది. గట్ల మీద మెస్కీట్ చెట్లు, అవి మన సర్కారు తుమ్మకి వరసకి అన్నదమ్ములే, ముళ్ళతో సహా. ఇక తమ్ముడు కొన్న ట్రాక్టరు మహీంద్రా. ఆ కంపెనీ 1994లో అమెరికాలో దుకాణం తెరిచింది కూడా ఈ టెక్సస్‌లోనే. ఆ ఎర్ర బానెట్ చూసి నాకు కళ్ళు చెమర్చాయని రాస్తే మా తమ్ముడు నవ్వుతాడు, అందుకని రాయను.

పన్నెండు ఎకరాల్లో ఉండేది గడ్డి. కోసి చుట్టలు కట్టేది పక్క పొలం ముసలాయన, చెరిసగం. మేం చేసేది కలుపు కొట్టడం, గట్లు శుభ్రం చేయడం, చుట్టలు మోయడం. గడ్డి పెంచితే భూమి పన్ను వ్యవసాయ లెక్కన తక్కువ వేస్తారు. తమ్ముడి సేద్యానికి అసలు కారణం అదేనని నాకు తెలుసు.

ట్రాక్టరుకి ఏ డీజిల్ అన్న ప్రశ్న రాగానే అన్నదమ్ముల మధ్య పంచాయితీ మొదలైంది. "ఎర్రదే కొనాలిరా, రైతు ధర ఉండగా రోడ్డు ధర ఎందుకు కట్టాలి?" అన్నాను. తమ్ముడు ఫోన్ తీసి లెక్క వేశాడు. "అన్నయ్యా, ఇది గంటకి గాలన్నర తాగుతుంది. ఏడాదికి నలభై గంటలు నడుస్తుందేమో. అరవై గాలన్లు. పన్ను మొత్తం మిగిలినా 26 డాలర్ల 64 సెంట్లు. నువ్వు చెప్పే పంపు ధరకైతే 21. మనం నలుగురం బిర్యానీ తింటే చాలదు."

వాడి లెక్కలో తప్పు లేదు. కానీ నాకు అది 26 డాలర్ల విషయం కాదు. పట్టుబట్టాను. పెద్దవాణ్ణి కదా, వాడు తగ్గాడు. 2020 ఆగస్టులో యాభై ఐదు గాలన్ల పాత పీపా ఒకటి సంపాదించి, కడిగి, ఆరబెట్టి, ఎర్ర డీజిల్ నింపి షెడ్డులో పెట్టాను. ఏడాదికి సరిపడా ఇంట్లో ఉందన్న ధీమా, ధాన్యం గాదె నిండినట్టు.

ఆ పీపా నా పరువు తీసింది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు ముంచేసిన సంగతి అందరికీ తెలిసిందే. 16వ తేదీన డాలస్‌లో మైనస్ పంతొమ్మిది డిగ్రీల సెల్సియస్. కరెంటు లేదు. పక్క ముసలాయన ఆవులకి గడ్డి చుట్టలు అందించాలి, ఆయన ట్రాక్టరు రెండో గట్టున ఇరుక్కుంది, మమ్మల్ని అడిగాడు. మా ట్రాక్టరు నాలుగు నిమిషాలు నడిచి ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే లోపల డీజిల్ గడ్డకట్టిన నెయ్యిలా ఉంది. ఆగస్టులో కొన్నది ఎండాకాలపు డీజిల్. చలి పెరిగేకొద్దీ అందులో మైనం బయటపడుతుంది. ఆ చలికి ముందు పంపు డీజిల్ కూడా ఏమయ్యేదో చెప్పలేను కానీ, అది కనీసం చలికాలం కొన్నది అయ్యేది. ముసలాయన తన షెడ్డులోంచి నీలం డబ్బా తెచ్చాడు. ఇక్కడ డబ్బాలకి రంగులున్నాయి, పెట్రోలుకి ఎరుపు, డీజిల్‌కి పసుపు, కిరోసిన్‌కి నీలం. కొత్త ఫిల్టర్ వేసి, కాస్త కిరోసిన్ కలపమన్నాడు. నీలం డబ్బా, అందులో కిరోసిన్, కలిపేది ట్రాక్టర్‌లో! మా నాన్న గుర్తొచ్చాడు. చలికి పలచన చేయడానికి కొద్దిగా కలపడం వేరు, డబ్బు మిగులుతుందని సగానికి సగం పోయడం వేరు అని నాకు నేనే చెప్పుకుంటూ పోశాను.

అక్కడితో అయిపోలేదు. మేలో మళ్ళీ ఆగింది. ఈసారి ఫిల్టర్ నిండా నల్లటి జిగురు. పగటి వేడికి, రాత్రి చల్లదనానికి పీపా లోపల తేమ పట్టి అడుగున నీళ్ళు చేరాయి. నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు కాపురం పెట్టాయి. ట్యాంకు దింపి కడగడానికి, రెండు ఫిల్టర్లకి, ఆ పీపా పారేయడానికి అయిన ఖర్చు తమ్ముడు నాకు చెప్పలేదు. అడిగితే "పోనీలే అన్నయ్యా" అన్నాడు. అది ఇంకా బాధ.

అప్పటికి స్టోర్‌లో నాకు ఎర్ర డీజిల్ ఇంకో ముఖం కూడా చూపించింది. ఒక సాయంత్రం పికప్ ఒకటి వెనక పంపు దగ్గర ఆగింది. దిగినవాడు నాజిల్ తీసి బండి పక్కకి నడిచాడు. ఆ రంగు చుక్క బండి ట్యాంకులో పడితే చాలు, తనిఖీ వాళ్ళు గొట్టం పెట్టి తీసి చూస్తే తెలిసిపోతుంది. వెయ్యి డాలర్లు, లేదా గాలన్‌కి పది డాలర్ల చొప్పున, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. రెండోసారి దొరికితే ఇంకా పెరుగుతుంది. తెలిసీ అమ్మినవాడికీ అదే జరిమానా. నాకు గుండె దడ. గ్రీన్ కార్డు మనిషిని, ఏ కాగితంలో నా పేరు పడుతుందో అని టెన్షన్. బయటికి పరిగెత్తి, "సర్, అది ఎర్రది" అన్నాను. ఆయన నవ్వి పికప్ వెనక తొట్టెలో బిగించిన పెద్ద ట్యాంకు చూపించాడు. పొలంలో ట్రాక్టరుకి అందులో మోసుకెళ్తాడట. అది సక్రమమే. ఓనరు తర్వాత అన్నాడు, "చూసీ చూడనట్టు ఉండకు బాబాయ్, అలాగని పోలీసువీ కాకు." ఈ రెండిటి మధ్య ఎక్కడ నిలబడాలో అతనూ చెప్పలేదు.

ఇప్పుడు మేం కొనేది మామూలు డీజిలే. హైవే మీద లారీలు ఆగే బంకులో, రోజూ వేల గాలన్లు అమ్ముడయ్యే చోట. ఐదు గాలన్ల పసుపు డబ్బాలు రెండు, నిండితే ఒక్కోటి పదహారు కిలోల పైనే. లారీల లైన్‌లోకి వెళ్ళకూడదు, అక్కడి నాజిల్ లావు, వేగం ఎక్కువ, ఒకసారి నా ప్యాంటు తడిసింది. రసీదులు దాచుకుంటే పొలంలో కాల్చిన డీజిల్‌కి కేంద్రం పన్నులో గాలన్‌కి 24.3 సెంట్లు 4136 అనే ఫారంతో వెనక్కి అడగొచ్చు, సేద్యం లాభం కోసం చేసేదైతే. అరవై గాలన్లకి 14 డాలర్ల 58 సెంట్లు. తమ్ముడి అకౌంటెంట్ ఆ ఫారం నింపడానికి అంతకంటే ఎక్కువే అడుగుతాడు.

పక్క ముసలాయన సంగతి వేరు. ఆయనకి ఐదు వందల గాలన్ల ట్యాంకు, ఇంటికే బండి వచ్చి నింపుతుంది, కొన్నది కొన్నట్టు అయిపోతుంది. ఏడాదికి నాలుగు వేల గాలన్లు అన్నాడు. దాని మీద పన్ను పదిహేడు వందల డాలర్లు దాటుతుంది. ఆయన మామూలు డీజిల్ కొంటే వెర్రివాడే.

మొన్న పెద్దవాడు ఫోన్ చేశాడు. మిరప చేనుకి నాలుగోసారి తడి, రొటావేటర్ కిరాయి, ఆ ముచ్చట్లు. డీజిల్ ధర కూడా చెప్పాడు. "అక్కడ రైతులకి డీజిల్ చవకంట కదా నాన్నా?"

ఉందని చెప్పాను. రంగు, పన్ను, జరిమానా అన్నీ చెప్పాను.

"మరి బాబాయి పొలానికి అదే పోస్తున్నారా?"

లేదన్నాను. ఎందుకన్నాడు. అరవై గాలన్ల లెక్క చెప్పాను. లీటర్లలో ఎంత అని అడిగి, వాడే మనసులో గుణించుకున్నాడు.

"రెండు వందల ముప్పై లీటర్లు. ఏడాది మొత్తానికా?" అని ఆగి, "నాన్నా, మనకి దుక్కులప్పుడు నెల రోజులకి రాదు కదా అది" అన్నాడు.

అవున్రా అన్నాను. తర్వాత తడి సంగతి అడిగాను.