తాబేలు తొట్టిలో చేపలు బతకాలంటే

అక్వేరియం షాపుల్లో ఆకుపచ్చగా, కంటి వెనక ఎర్రటి చారతో కనిపించే చిన్న తాబేలు పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఇంట్లో ఉన్న చేపల తొట్టిలోనే వదిలేస్తారు. కొన్నాళ్లు బాగానే సాగుతుంది. తర్వాత చేపలు ఒక్కొక్కటే తగ్గిపోతుంటాయి. తాబేలు తినేసిందనుకుంటారు. తినడమూ నిజమే. కానీ చాలా తొట్లలో చేపల ప్రాణం ముందు తీసేది తాబేలు నోరు కాదు, అది పాడుచేసిన నీళ్లు.

తాబేలు తినేటప్పుడు దగ్గర్నుంచి చూడండి. ముక్కను నోట కరుచుకుని ముందుకాళ్ల గోళ్లతో చీలుస్తుంది. కొంత నోట్లోకి వెళ్తుంది, మిగతాది తుక్కుగా నీళ్లలో తేలుతుంది. ఆ తుక్కు, మలమూత్రాలు కలిసి అమ్మోనియా పుట్టిస్తాయి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది కాబట్టి ఆ నీళ్లలోనూ హుషారుగానే తిరుగుతుంది. చేపకు మొప్పలే ఆధారం, మొప్పలనే అమ్మోనియా కాల్చేస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఆ నీళ్ల పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, తరచుగా 8 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్లు తేటగా ఉన్నాయా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ కొలిచే డ్రాప్స్ కిట్ కొనుక్కోండి. మొదటి రెండూ సున్నా చూపాలి, నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

అందుకే తొట్టి లెక్క చేపల్ని బట్టి కాదు, తాబేలును బట్టి వేయాలి. డిప్ప పొడవు అంగుళానికి 40 లీటర్ల నీళ్లు. మగది 7, 8 అంగుళాలకు పెరుగుతుంది, ఆడది 10 నుంచి 12 దాకా పోతుంది. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు తొట్టిలో 18 అంగుళాలు నింపితే సుమారు 340 లీటర్లు. మగదానికి ఇది సరిపోతుంది. ఆడదానికి ఇంకా పెద్దది కావాలి, పెరట్లో సిమెంట్ తొట్టి కట్టగలిగితే మరీ మంచిది. నీళ్లే 340 కిలోలు తూగుతాయి కాబట్టి స్టాండు గోడవారగా ఉండాలి. పైన ఇనుప జాలీ మూత తప్పనిసరి. స్లైడర్ ఎక్కడం బాగా తెలిసిన జీవి.

ఫిల్టర్ డబ్బా మీద రాసిన కెపాసిటీ మామూలు చేపల తొట్టికి ఇచ్చింది. తాబేలుంటే తొట్టి నీటికి రెండు మూడు రెట్ల కెపాసిటీ ఉన్న క్యానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) తీసుకోండి. లోపల స్పాంజి తుక్కును ఆపుతుంది. అసలు పని సిరామిక్ రింగుల మీద పెరిగే బ్యాక్టీరియాది. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రింగుల్ని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు అదంతా చచ్చి, మళ్లీ మొదటికొస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే జాడించాలి. కరెంటు గంటల తరబడి పోతే ఫిల్టర్‌లో ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ చేపలకు ఊపిరి అందిస్తుంది గానీ మూసి ఉన్న ఫిల్టర్‌కు అందదు. ఫిల్టర్‌ను ఇన్వర్టర్‌కు కలపడమే మేలు.

వారానికి మూడోవంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ కలపాలి. పైపుతో నీళ్లు లాగేటప్పుడు నోటితో పీల్చొద్దు. తాబేళ్లు కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తాయి. అమెరికాలో 4 అంగుళాలకన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించింది పిల్లలకు ఈ జబ్బు సోకుతోందనే.

చేపల ఎంపికకొస్తే, నా ఓటు జెయింట్ డానియోలకు. వేగంగా ఈదుతాయి, పైమట్టంలో తిరుగుతాయి. పది పన్నెండు గుంపుగా వేయాలి. మోలీలు, గప్పీలు బోరునీటి గట్టిదనాన్ని తట్టుకుంటాయి, కొన్ని పోయినా పిల్లలతో నిండుతాయి. గోల్డ్‌ఫిష్ వద్దు. నెమ్మదిగా కదులుతుంది, దాని పొడవాటి తోకే తాబేలుకు ఎర. పైగా దాని ఒంట్లోని థయమినేజ్ అనే ఎంజైమ్ వల్ల తరచూ తినే తాబేలుకు బి1 విటమిన్ లోపం వస్తుంది. అద్దాలు శుభ్రం చేస్తుందని షాపువాళ్లు అంటగట్టే సక్కర్ క్యాట్‌ఫిష్ అసలే వద్దు. మింగబోతే దాని ముళ్లు తాబేలు గొంతులో ఇరుక్కుంటాయి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ అయితే చిన్న తాబేలునే కొరుకుతాయి.

ముందు చేపల్ని వేయండి, తాబేలును చివర్న దింపండి. అప్పటికి చేపలకు దాక్కునే చోట్లు తెలిసుంటాయి. అంగుళం పీవీసీ పైపు ముక్కల్ని కట్టగా కట్టి మూలన పెడితే చాలు. పెట్టే ఏ సందైనా తాబేలు తల కూడా పట్టనంత చిన్నదిగా ఉండాలి, లేదా ఒళ్లంతా దూరిపోయేంత పెద్దదిగా ఉండాలి. మధ్యస్థంగా ఉంటే తాబేలు ఇరుక్కుని మునిగి చస్తుంది. అడుగున చిన్న గులకరాళ్లు వేయకండి, మింగుతుంది. ఖాళీగా వదిలేయడమే ఉత్తమం.

తాబేలు ఎక్కి ఆరడానికి పొడిమెట్టు, దానిపైన 32 నుంచి 35 డిగ్రీల వేడినిచ్చే బల్బు, పక్కన యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) బల్బు ఉండాలి. అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ ఉండదు. అలాగని తొట్టినే బాల్కనీ ఎండలో పెడితే వేసవిలో నీళ్లు కాగి, ఆక్సిజన్ తగ్గి చేపలు పోతాయి. యూవీబీ బల్బు వెలుగుతున్నా ఏడాదికోసారి మార్చాలి.

మేత వేరే టబ్బులో, తొట్టి నీళ్లే పోసి, అరగంట పెట్టండి. నీళ్ల మీద కొంత భారం అక్కడే దిగిపోతుంది. పెల్లెట్లు దాని తలంత. పిల్లకు రోజూ, పెద్దదానికి రోజు విడిచి రోజు. పెరిగేకొద్దీ ఆకులు ఎక్కువ కావాలి. మందారాకు, అజొల్లా బాగా తింటుంది. పాలకూరలో ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి. ఎండు రొయ్యల డబ్బా ఒక్కటే మేతగా పెడితే విటమిన్ ఎ చాలక కళ్లు వాచి మూసుకుపోతాయి.

చేప తోక పాడైతే అంచు చూడండి. నెలవంకలా ఒక్క ముక్క పోయి ఉంటే తాబేలు కొరికినట్టు. అంచు తెల్లబడి పీలికలుగా ఉంటే ఫిన్ రాట్ (రెక్కలు కుళ్లే జబ్బు), అంటే నీళ్లు బాగాలేవు. మొదటిదానికి మందు అక్కర్లేదు, చేపను వేరే తొట్టికి మార్చాలి.

ఇక పెంచలేమనుకున్న స్లైడర్‌ను చెరువులో వదలకండి. మన దగ్గరి తాబేళ్ల తిండినీ, చోటునూ లాక్కునే జాతి అది. మన నక్షత్ర తాబేలు, చెరువుల్లో దొరికే తాబేళ్లు ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

కొన్ని స్లైడర్లు ఎన్ని చేసినా వేట మానవు. అప్పుడు తొట్టి మధ్యలో రంధ్రాలు వేయించిన అద్దం పలకను అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. తాబేలుకు పెద్ద భాగం, చేపలకు చిన్న భాగం. ఫిల్టర్ నీళ్లను తాబేలు వైపు నుంచి లాగి, చేపల వైపు వదలాలి. శుభ్రమైన నీళ్లు ముందు చేపలకు అందుతాయి, తుక్కు వాటివైపు రాదు.