సాజ్యం అన్నాక నెయ్యి ఉండాలి

కార్తీకం వచ్చిందంటే ఏ ఇంట్లో విన్నా ఈ శ్లోకమే.

సాజ్యం త్రివర్తి సంయుక్తం వహ్నినా యోజితం మయా
గృహాణ మంగళం దీపం త్రైలోక్య తిమిరాపహమ్

నోటికి అలవాటైపోయి, ఏమంటున్నామో మన చెవికే పడడం లేదు. స్వామి ఎదుట నిలబడి "నీకు పెడుతున్నది ఇదీ" అని ఇచ్చే మాట ఇది. నెయ్యి పోశాను, మూడు వత్తులు వేశాను, నిప్పు అంటించాను, ఇదంతా నేనే చేశాను. ఒక్క వరుసలో నాలుగు సంగతులు. ఎదురుగా వెలుగుతున్నది ఏం కలిపారో తెలియని నూనె, కొని తెచ్చిన ఒంటి వత్తి అయితే, ఆ మాట ఎవరి ముందు అంటున్నట్టు?

మన పూజావిధానం ఇలాంటి చోట ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడండి. వస్త్రం లేనప్పుడు "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అంటాం. నగ లేకపోతే "ఆభరణార్థం అక్షతాన్". లేనిది లేదని చెప్పుకోవడానికి పెద్దలే దారి పెట్టారు. నాలుగు అక్షింతలతో తృప్తిపడే స్వామి దగ్గర లేని నెయ్యి ఉందనడం దేనికి?

సాజ్యం అంటే ఆజ్యంతో కూడినది. ప్రమిద నిండా నెయ్యే పోయగలిగితే మహాభాగ్యం. లేదంటే మూడు వంతులు గానుగ నువ్వుల నూనె పోసి, పైన చెంచాడు కరిగించిన ఆవునెయ్యి వేయండి, మాట నిలబడుతుంది. చలి తెల్లవారుజామున ఉత్త నెయ్యి ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. అది పేరుకుపోయి వత్తిలోకి ఎక్కదు, వత్తి కొస మాడి దీపం కొండెక్కుతుంది. నెయ్యి దీపం పెట్టేవాళ్లు రాత్రే వత్తుల్ని కరిగిన నేతిలో ముంచి తీసిపెట్టుకోవాలి. కొబ్బరినూనెకూ ఇదే బాధ.

పలు నూనెల దీపం కావాలంటే ఇంట్లోనే కలుపుకోండి. అరలీటరు నువ్వుల నూనెకు ఆముదం 100 మి.లీ., ఇప్పనూనె 50, వేపనూనె 25 చాలు. ఆముదం మంచిదని ఎక్కువ పోస్తే నూనె చిక్కబడి సన్నని వత్తి పీల్చుకోలేదు. సీసాలో తడి ఉండకూడదు, ఒక్క నీటిచుక్క ఉన్నా దీపం చిటపటలాడుతుంది. కొనే నూనెలో ఏది ఎంత ఉందో సీసా మీద రాసి ఉంటే సరే, లేకపోతే వద్దు.

ఇక త్రివర్తి. శ్లోకంలో నాకు ప్రాణమైన మాట ఇది. మొదటి పాదంలో మూడు వత్తులు, చివరి పాదంలో మూడు లోకాలు. లోకానికొక పోగు తీసి, మూడూ కలిపి ఒక్క జ్వాల చేసి, "ఈ వెలుగు మూడింటికీ చాలుతుంది తండ్రీ" అంటున్నాం. అంతంత లోకాలకు వేలెడంత వత్తి! ఆ ధైర్యం ఎక్కడిదంటే, ఆ మూడు పోగులూ మన వేళ్ల మధ్యే కలిశాయి గనుక. అందుకే మొదటి వరుస చివర "మయా", అంటే నా చేత, అని ఉంది.

వత్తి చేసేటప్పుడు గింజ తీసిన దూదిని వేళ్లతో విడదీసి, నలకలు ఏరి, సన్నగా సాగదీయండి. వేళ్లకు కాస్త విభూతి అద్దుకుంటే పోగు జారదు. పాలు అద్దుకునేవాళ్లు వత్తులను పూర్తిగా ఆరనివ్వాలి. నాలుగు అంగుళాల పోగులు మూడు, ముందు విడివిడిగా పేని, తర్వాత మూడింటినీ కలిపి వదులుగా ఒక మెలిక. నూనె పైకి ఎక్కేది పోగుల మధ్య సందుల్లోంచే. బిగించి పేనితే సందు మూసుకుపోయి కొస మాడుతుంది. మరీ వదులైతే జ్వాల పెద్దదై మసి కడుతుంది. ప్రమిద అంచు దాటి వత్తి గోధుమగింజంత బయటికి ఉంటే చాలు. కొత్త మట్టి ప్రమిదలు ఒక పూట నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టకపోతే సగం నూనె అవే తాగేస్తాయి.

ధూపానికి కూడా ఇదే లెక్క. "దశాంగం గుగ్గులోపేతం", అంటే పది ద్రవ్యాలతో, గుగ్గులు అనే బంకతో కూడినది అని చదువుతూ బజారు అగరుబత్తి తిప్పుతాం. అందులో దశాంగం ఏది, గుగ్గులు ఏది? సాంబ్రాణి ఒక్కటే ఉందా, "వనస్పత్యుద్భవైర్దివ్యైః" అనే శ్లోకం చదవండి. చెట్టు నుంచి పుట్టినది అని దాని అర్థం, సాంబ్రాణి నిజంగా చెట్టు బంకే. గుగ్గులు కావాలంటే మూలికల కొట్లో మైసాక్షి అని అడగండి. అది రాజస్థాన్, గుజరాత్ మెట్టనేలల్లో పెరిగే ముళ్లపొద బంక. బంక కోసం లోతుగా గాట్లు పెట్టి పెట్టి అడవిలో ఆ పొదే అంతరించే దశకు వచ్చింది. చిటికెడే వాడండి.

ఇంట్లో ధూపం చేసుకోవాలంటే ఎండిన ఆవుపిడక పొడి పలచటి గుడ్డలో జల్లించి నాలుగు గుప్పిళ్లు, సాంబ్రాణి పొడి ఒకటి, గంధం పొడి ఒకటి, వట్టివేళ్ల పొడి అర, మైసాక్షి చిటికెడు. మైసాక్షి వేడికి అంటుకుపోతుంది, గంధంతో కలిపి దంచితేనే పొడి అవుతుంది. చెంచాడు నెయ్యి, తుమ్మబంక నానిన నీళ్లు పోసి, చపాతీ పిండికన్నా గట్టిగా పిసికి, చిటికెనవేలంత కడ్డీలు చేయాలి. వాసన బాగుంటుందని బంకలు ఎక్కువ వేస్తే అవి కరిగి నిప్పును ఆర్పేస్తాయి. కర్పూరం కలపొద్దు, ఎండేలోపే ఎగిరిపోతుంది. ఎండలో పెట్టొద్దు, పగుళ్లు వస్తాయి. నిప్పుల మీద నేరుగా ధూపం వేసేవాళ్లు పిడక మంట పూర్తిగా తగ్గి, పైన సన్నని బూడిద పొర కట్టేదాకా ఆగండి. ఎర్రటి నిప్పు మీద వేస్తే నల్లటి పొగే, పరిమళం రాదు. "ధూపం ఆఘ్రాపయామి", అంటే ధూపం వాసన చూపిస్తున్నాను అంటున్నాం, ఆ స్వామికి కన్ను మండించే పొగ పట్టిస్తామా?

నదిలో వదిలే దీపానికి అరటి దొప్పే వాడండి. "జలే స్థలే యే నివసంతి జీవాః" అంటూ నీటి ప్రాణులకు మేలు కోరి, వాటి నోటికి థర్మాకోల్ అందించకండి.

పౌర్ణమి నాటి 365 వత్తుల కట్టకు పోగులను అయిదేసి చొప్పున 73 కుచ్చులుగా లెక్కపెట్టుకుంటే తప్పు రాదు. దారంతో వదులుగా కట్టి రాత్రంతా నేతిలో నాననివ్వండి, కొసన రవ్వంత కర్పూరం పెట్టండి. మంట పెద్దది, కొబ్బరి చిప్పలోనో పలచటి ప్రమిదలోనో కాక మందపాటి మూకుట్లో, ఇసుక మీద వెలిగించండి. ధూపం కడ్డీలు మాత్రం వారం ముందే చేసుకోవాలి, నీడన అయిదు రోజులైనా ఆరనిదే నిప్పు నిలవదు.