వంటింట్లో ఆదితాళం

మా ఇంట్లో సంగీతానికంటూ ప్రత్యేకమైన గది లేదు. ఉదయం ఇడ్లీ ఉడికే పది నిమిషాలే మా సాధన. ఐదేళ్ల మా అమ్మాయి పీట మీద కూర్చుని, తొడ మీద ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు వరుసగా లెక్కపెట్టి, ఆపై దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు వేసి ఆదితాళంలోని 8 అక్షరాలనూ, అంటే 8 లెక్కలనూ, పూర్తి చేస్తుంది. ఉంగరపు వేలును విడిగా కదపడం ఇంకా చేతకాక, ఎడమ చేత్తో పట్టుకుని వంచుతుంది. మూడేళ్ల తమ్ముడికి స్టీలు గిన్నె, గరిటె ఉంటే చాలు.

కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలను మాయామాళవగౌళ రాగంలోనే మొదలుపెట్టడంలో ఎంత తెలివి ఉందో పిల్లలకు నేర్పేటప్పుడే నాకు అర్థమైంది: స-రి, గ-మ, ప-ద, ని-స జంటలన్నీ ఒకే దూరంలో ఉండటంతో, కింద పలికిన పోకడే పైన మళ్లీ పలుకుతుంది. మొదట్లో రోజూ అరగంట పాడాలని పట్టుబట్టి, వారం తిరగకుండానే “ఇంక పాడను” అనిపించుకున్నాను, తప్పు నాదే.

రాత్రి పాఠం ఉండదు. మా అమ్మ జోలపాట ఎత్తుకుంటుంది, శ్రుతి ఎటో పోతుంది, సరిదిద్దే సాహసం మాత్రం ఎవరమూ చేయము. రెండో చరణానికే పిల్లవాడు నిద్రపోయినా ఆవిడ పాట ఆపదు.