ఆరోవిల్‌కి మకాం మార్చబోయిన మా బావమరిది

మా బావమరిదికి హైదరాబాద్ మీద విరక్తి పుట్టి చాలాకాలమైంది. ఎండలు ముదిరితే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ల గొడవ, ఎన్నికలొస్తే అదే గ్రూపులో కులాల గొడవ. "ఈ జనం మారరు బావా, పిల్లల్ని తీసుకుని ఎటైనా పోవాల్సిందే" అంటాడు. ఒకప్పుడు కెనడా అన్నాడు. తర్వాత వికారాబాద్ వైపు ఫామ్‌ల్యాండ్. ఈసారి ఆరోవిల్, పుదుచ్చేరి పక్కన అన్ని దేశాలవాళ్ళూ కలిసి బతకాలని కట్టుకున్న ఊరు. మాది చిత్తూరు, అరవం వచ్చు కాబట్టి నన్నూ వెంటేసుకున్నాడు.

పుదుచ్చేరి గురించి చెప్పడానికేం లేదు. వైట్ టౌన్‌లో పసుపు గోడ కనిపిస్తే చాలు, ఫొటోలకు క్యూ. ఒక్క కాఫీకి పెట్టిన డబ్బుతో మా ఊళ్ళో కడుపునిండా భోంచేయొచ్చు. ఆటో రేటు చెప్పుకుంటే ఇంకా ఏడుపొస్తుంది.

ఆరోవిల్ విజిటర్స్ సెంటర్‌లో పాస్ తీసుకుని, చెట్ల నీడలో చాలాసేపు నడిచాక ధ్యానం కోసం కట్టిన మాతృమందిరం కనిపించింది, దూరం నుంచే. లోపలికి వెళ్ళాలంటే ముందే బుక్ చేసుకోవాలట. ఆ బంగారు గోళం నాకు పెద్దగా పట్టలేదు గానీ దారి మాత్రం తెగ నచ్చింది. 1968 ఫిబ్రవరి 28న ఊరి ప్రారంభోత్సవానికి 124 దేశాల మట్టి తెచ్చి కలశంలో పోసినప్పుడు ఇక్కడ ఎర్రనేల, వాన కోసిన గండ్లు తప్ప నీడన్నదే లేదు. తమ దేశాల మీద విసిగి వచ్చిన తెల్ల కుర్రాళ్ళు గట్లు వేయించి, మొక్కలు నాటించి ఇంత అడవి చేశారు. ఒప్పుకోవాల్సిందే.

ఆ మాటకే వీడు రెచ్చిపోయాడు. "చూశావా బావా, కులం లేదు, మతం లేదు, ఉండే ఇల్లు కూడా సొంతం కాదు!"

మరి తగాదాలో? ఊరిని స్థాపించిన అరవిందాశ్రమం మదర్ 1973లో పోయాక పెత్తనం ఎవరిదన్న పంచాయితీ ముదిరి, 1980లో నిర్వహణ కేంద్రం చేతిలోకి పోయింది. 1988లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేసింది. 2021 డిసెంబరులో ఊరి నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా వేయాలనుకున్న క్రౌన్ రోడ్డు కోసం జేసీబీలు చెట్లు కూలిస్తే, ప్లాన్ ప్రకారం కట్టాల్సిందేనని కొందరు, చెట్లు ముట్టొద్దని కొందరు. అదీ కోర్టుకెక్కింది. 50,000 మందికని గీసిన ఊళ్ళో ఉన్నది మూడు వేల పైచిలుకు. "ఈ కాసిని మందికే పడలేదు, నీ అపార్ట్‌మెంటే నయంరా" అన్నాను. మూతి ముడుచుకున్నాడు.

తిరుగుదారిలో కుయిలాపాళయంలో టీకి ఆగాం. కొట్టు నడిపేది నడివయసు ఆవిడ. స్టవ్ మీద పాలు పొంగకుండా గరిటె తిప్పుతూనే కబుర్లు చెప్పింది. ఈ అడవికి బిందెలతో నీళ్ళు మోసిన కూలీల్లో వాళ్ళమ్మ ఒకతె. ఈవిడ కూడా కొన్నేళ్ళు లోపల ఓ ఇంట్లో వంటకు కుదిరింది. "మంచివాళ్ళే. కానీ మేం సాయంత్రానికి బయటికి రావాలి" అంది.

ఏ ఊరని అడిగితే వీణ్ణి చూపించి హైదరాబాద్ అన్నాను. గరిటె ఆగిపోయింది. వాళ్ళమ్మాయికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చిందట, వచ్చే నెల చేరాలట. "ఆ ఊరు మంచిదేనా? ఆడపిల్ల ఒక్కతే ఉండొచ్చా?"

నేను తెలుగులో చెప్పేలోపే వీడికి అర్థమైపోయింది.

"మా ఊరికేమక్కా, బ్రహ్మాండం! హాస్టల్ నేను చూసిపెడతాను" అని ఫోన్ తీసి, ఆ వాట్సాప్ గ్రూపులోనే మెసేజ్ కొట్టాడు. టీ చల్లారేలోగా నాలుగు హాస్టళ్ళ నంబర్లు వచ్చాయి. ఐదో ఆయన మాత్రం అమ్మాయిది ఏ కులమని అడిగాడు.